ఎర్త్ గుంతల నీళ్ళు

పావగడ తాలూకాలో వై.ఎన్.హొసకోట దాటి రాయచెర్లు వైపు పోయే మట్టిదారి పక్కన, ముళ్ళతీగ కంచె మధ్యలో, ఎర్రా తెల్లా పట్టీలు పూసిన ఇనుప కంబం ఒకటి ఉండేది. దాని పక్కన సిమెంటు గది, గది వెనకాల ఒక బోరు. గేటు మీద కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ లోపలికి రాకూడదని రాసిన రేకు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు దాన్ని విమానాల కంబం అనేవాళ్ళు. విమానం మాత్రం అక్కడ ఎప్పుడూ దిగింది లేదు. ఎండాకాలం మధ్యాహ్నం తలెత్తి చూస్తే, మబ్బు తునక కూడా లేని ఆకాశంలో తెల్లటి గీత ఒకటి గీసుకుంటూ పోయేది, అంతే.

ఆ కంబానికి ఉన్న పని ఒకటే. రేయింబవళ్ళు తన పేరు తాను ఆకాశంలోకి చెప్పుకుంటూ ఉండాలి. పేరంటే మాటలు కావు, పొట్టి కూతలూ పొడుగు కూతలూ. పైన పోయే విమానంలో గడియారం లాంటి బిళ్ళ ఒకటి ఉంటుంది, అందులో ఒక ముల్లు. కూత ఎటు నుంచి వస్తే అటు తిరుగుతుంది ఆ ముల్లు. మబ్బు కమ్మినా, కింద ఏమీ కనపడకపోయినా, పైలట్ దాన్ని నమ్ముకుని దారి పట్టుకుంటాడు.

కంబాన్ని చూసుకునే టెక్నీషియన్ గంగాధరప్ప. ఈ నేల మనిషే. తండ్రి శెనక్కాయ రైతు. గంగాధరప్ప బెంగళూరు పోయి రేడియో పని నేర్చుకుని, చాలా ఏళ్ళు విమానాల షెడ్డులో కూర్చున్నాడు. పైలట్లు కిందివాళ్ళతో మాట్లాడే సెట్లూ, దిక్కు చూపించే సెట్లూ విప్పి బాగుచేయడం అతని పని. ఒకసారి ముల్లు తప్పు చూపిస్తున్న సెట్టు ఒకటి అతని బల్ల మీదికి వచ్చింది. దాన్ని నమ్మి దారి తప్పి, అడుగంటిన ఇంధనంతో ఎట్లాగో దిగిన పైలట్ ఆ బల్ల పక్కనే నిలబడ్డాడు. ఎవరినీ ఒక్క మాట తిట్టలేదు. చేతిలో టీ చల్లారిపోతున్నా తాగకుండా, ఆ ముల్లునే చూస్తూ ఉన్నాడు. ఆ చూపు గంగాధరప్ప కళ్ళలో నిలిచిపోయింది.

సొంత తాలూకాలో కంబం లేస్తోందని తెలిసినప్పుడు, అడిగి మరీ ఇక్కడికి వేయించుకున్నాడు.

కంబం నిలబడేది ఇనుము మీదా సిమెంటు మీదా అని జనం అనుకుంటారు. నిజానికి అది నిలబడేది తడి మీద. దాని అడుగు నుంచి నాలుగు పక్కలకీ, బండి చక్రం ఆకుల మాదిరి, రాగి తీగలు జానెడు లోతులో పూడ్చి ఉంటాయి. తీగల కొసల్లో ఎర్త్ గుంతలు, వాటిలో ఉప్పూ బొగ్గూ. రోజూ పొద్దునా సాయంత్రమూ ఆ గుంతల నిండా నీళ్ళు పోయాలి. నేల ఎండిపోతే కంబం గొంతు తగ్గుతుంది. తగ్గిన సంగతి పైన పోయేవాడికి తెలియదు, కింద ఉన్నవాడే కనిపెట్టుకుని ఉండాలి. బోరు వేసింది అందుకే. నీళ్ళు పోయడానికి పల్లె నుంచి హనుమక్కను దినకూలికి పెట్టారు.

వానలు సరిగా ఉన్నన్నాళ్ళూ ఇదంతా ఎవరికీ పట్టలేదు.

ఆ ఏడు మాత్రం శెనక్కాయ రెండుసార్లు విత్తారు, రెండుసార్లూ మొలక మొలకగానే మాడిపోయింది. పల్లెలో చేతిపంపు కొడితే గాలి తప్ప ఏమీ రాలేదు. చిన్నన్న అనే రైతు తోట బావిలో అడుగున తేలు కనపడింది. ట్యాంకరు వస్తుందన్నారు, వచ్చిననాడు కొట్లాటలు, రానినాడు ఏడుపులు. ఆడవాళ్ళు బిందెలు నెత్తిన పెట్టుకుని పొద్దున్నే గట్లు పట్టుకుని పోతే, తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది.

ఆ పోయే దారి కంచె పక్క నుంచే. లోపల మోటరు శబ్దం. తొట్టిలోకి దబదబా నీళ్ళు. హనుమక్క ఆ నీళ్ళు ముంచుకుపోయి మన్నులో పోస్తూ ఉండేది.

ఒకనాడు రంగక్క కంచె దగ్గర ఆగింది. గంగాధరప్పకు మేనత్త వరస. పల్లెలో నోరున్న మనిషి అంటే అందరూ ముందు ఆమె వైపే చూసేవాళ్ళు.

"ఏమప్పా గంగాధరా," అంది, ఖాళీ బిందె చంకకు మార్చుకుంటూ. "మీ మన్నుకు అంత దప్పికా?"

"అది మన్నుకు గాదు అత్తా. పైన విమానంలో నూరు మంది పోతాంటారు. ఈడ తడి ల్యాకపోతే వాళ్ళకు దోవ తెలీదు."

"వాళ్ళకు దోవ తెలీకపోతే యాడికి పోతారు?"

"యాడికన్నా పోతారు. కొండకు గుద్దుకుంటారు."

"మేము ఈడే వుండాం గదప్పా, మాకేం దోవ తెలీక గాదు. నీళ్ళుండే దోవే తెలీదు. నీ కంబానికి నోరుండాది గదా, అడిగి సెప్పు."

వెనకాల ఆడవాళ్ళు నవ్వారు. గంగాధరప్ప కూడా నవ్వబోయి ఆగిపోయాడు. రంగక్క నవ్వడం లేదు.

ఆ సాయంత్రమే అతను గదిలోని ఫోను ఎత్తి బెంగళూరు ఆఫీసుకు మాట్లాడాడు. అక్కడ ఇంజనీరు మల్లేశప్ప. కోలారు వైపు మనిషి, తెలుగు బాగానే మాట్లాడతాడు, చెడ్డవాడు కూడా కాదు. బోరులో నీళ్ళు మిగులుతున్నాయి, పల్లెకు కొన్ని ఇస్తానని గంగాధరప్ప అడిగాడు.

"ఇవ్వకు," అన్నాడు మల్లేశప్ప. "ఈరోజు బిందె అంటారు, రేపు బండి తెస్తారు. ఎల్లుండి లోపల కాపురం పెడతారు. అది విమానాలకు దారి చూపే చోటయ్యా, నీళ్ళ కొట్టం కాదు. నీళ్ళు కావాలంటే తహసీల్దారుకు అర్జీ పెట్టుకోమను."

"పెట్టినారు సార్. ఆయప్ప ట్యాంకరు పంపిస్తానన్నాడు."

"మరింకేం, వస్తుంది."

"ఎప్పుడొస్తాదో సూద్దామని వాళ్ళు ఈడే నిలబడుకోనుండారు సార్."

అటు నుంచి ఫోను పెట్టేసిన చప్పుడు వినపడింది.

మర్నాడు హనుమక్క బిందె తొట్టి పక్కన బోర్లించి, దాని మీదే కూర్చుంది.

"నేను పోయనప్పా," అంది.

"ఏమైంది హనుమక్కా?"

"పల్లెలో నన్ను ఎవురూ పలకరిచ్చడంలా. ట్యాంకరు కాడ నా బిందె పక్కకు ఎత్తి పెట్టినారు. నీకు ఆడ వుండాయి గదా, మన్నుకు పోసేన్ని నీళ్ళు, అంటారు. ఆ తిప్పమ్మవ్వ అయితే నా మొగం సూసి ఉమ్మేసింది. కూలి లేకున్నా ఎట్లో బతుకుతా. ఉమ్మిపిచ్చుకోని బతకల్యాను."

గంగాధరప్ప ఆమెను బతిమాలలేదు. తనే చొక్కా విప్పి దండెం మీద వేసి, బిందె ఎత్తుకున్నాడు. కంచె అవతల ఆడవాళ్ళు వరుసగా నిలబడి చూస్తున్నారు. మొదటి గుంతలో నీళ్ళు పోస్తుంటే, ఎండిన బొగ్గు నీళ్ళు పీలుస్తూ బుసబుసమంది. ఆ చప్పుడు కంచె దాకా వినపడి ఉంటుందని అతనికి అనిపించింది. మూడో గుంత దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆడలేదు.

అప్పుడు రంగక్క గొంతు వినపడింది. ఈసారి ఎగతాళి లేదు. సంతలో బేరం చేసే గొంతు.

"గంగాధరా, ఒక మాట అడుగుతా సెప్పు. ఆ గుంతకు కావల్సింది తడి గదా? తాగే నీళ్ళే కావల్నా? మా గిన్నెలు కడిగిన నీళ్ళు, గుడ్డలు ఉతికిన నీళ్ళు పోస్తే దానికేమన్నా మైలా?"

గంగాధరప్ప బిందె దింపాడు. ఆ గుంతల్లో తామే మూటల కొద్దీ ఉప్పు పోస్తున్నారు. బూడిదతో తోమిన నీళ్ళూ, సబ్బు నీళ్ళూ దానికి ఇంకా మేలే చేస్తాయి. ఇన్నాళ్ళూ మంచినీళ్ళే ఎందుకు పోస్తున్నామంటే, బోరులో వచ్చేవి అవే కాబట్టి. ఇంకో కారణం అతనికి ఎంత వెతికినా దొరకలేదు.

"మైల ల్యాదు అత్తా," అన్నాడు. "బాగా తాగుతాది."

నడిచిపోయి గేటు తెరిచాడు.

ఈసారి ఆఫీసును అడగలేదు. అడిగితే ఏమంటారో ముందే తెలుసు.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. తాగే నీళ్ళు పట్టుకుని ఇంటికి తీసుకుపోవాలి. గిన్నెలు, గుడ్డలు మాత్రం ఇక్కడికే తెచ్చి గుంతల పక్కన పరిచిన బండల మీద తోముకోవాలి, ఉతుక్కోవాలి. వాడిన నీళ్ళు గుంతల్లోకి పోవాలి. హనుమక్క మళ్ళీ వచ్చింది, కూలి లేకుండానే. ఈసారి బిందె మోయలేదు. ఒక కట్టె పట్టుకుని ఎవరు ఏ గుంత దగ్గర కూర్చోవాలో చెప్పే పెత్తనం ఆమెది.

"ఏయ్ నరసక్కా, ఆ గుంత నిండింది, ఇట్ల రా. ఈ గుంత ఎండిపోతాంది, నీ మొగుని పంచె ఈడ ఉతుకు. మట్టి బాగా వుంటాది దానికి."

గంగాధరప్ప ఒకటే కట్టడి పెట్టాడు. కంబం చుట్టూ నడుమెత్తు కంచె ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ దాటకూడదు. కంబంలో కరెంటు పారుతూ ఉంటుంది, ముట్టుకుంటే చెయ్యి కాలిపోతుందని ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. అందరూ తలలూపారు. గదిలో మీటరు చూసుకుంటే తడి బాగా నిలిచింది, కంబం గొంతు తగ్గలేదు. వానలున్న ఏళ్ళలో ఉన్నట్టే ఉంది.

అంతా బాగుందనుకున్నప్పుడే తిప్పమ్మవ్వ పుణ్యం కట్టుకుంది.

కంబం అడుగున తెల్లటి పింగాణీ దిమ్మె ఒకటి ఉంటుంది. కంబాన్ని నేలకు తగలకుండా ఆపేది అదే. అది ఎప్పుడూ పొడిగా, శుభ్రంగా ఉండాలి. దుమ్ము పడితే కూడా కష్టమే. అందుకని గంగాధరప్ప రోజూ పొద్దున ఆఫీసుకు చెప్పి కాసేపు కరెంటు ఆపి, చెప్పులు బయట విడిచి, ఉతికిన గుడ్డతో వంగి వంగి దాన్ని తుడిచేవాడు. తిప్పమ్మవ్వ రోజూ చూసేది ఇదే. ఉతికిన గుడ్డ, చెప్పులు విడవడం, నడుం వంచడం. తెల్లగా నున్నగా మెరిసే దిమ్మె. చెవి పెట్టి వింటే సన్నగా గుంయ్ మనే శబ్దం. నీళ్ళిచ్చే చోటు, పైగా.

శనివారం పొద్దున ఆమె తలస్నానం చేసి, చెంబులో పసుపు నీళ్ళు కలుపుకుని వచ్చింది. చెప్పిన మాట దాటలేదు. నడుమెత్తు కంచె బయటే నిలబడి, కళ్ళు మూసుకుని, హనుమంతుడిని తలచుకుని, చెంబెడు నీళ్ళూ దిమ్మె మీదికి విసిరింది.

ఫట్ మని నీలం మెరుపు. గదిలో గంట గణగణ మోగింది. కంబం మూగబోయింది.

"సామి పలికినాడే!" అని తిప్పమ్మవ్వ నేల మీద సాగిలపడింది.

గంగాధరప్ప గదిలో నుంచి పరుగెత్తుకొచ్చాడు. ముందు ఆమెను చూశాడు, ప్రాణం ఉంది. తరువాత దిమ్మె చూశాడు, పసుపు కారుతోంది.

"అవ్వా! ఏం పని సేసినావు!"

"నేనేం సేసినప్పా? నువ్వు దినామూ పొడి గుడ్డతోనే తుడుస్తాండావు. పాపం, ఒక దినమన్నా తానం జేపిచ్చల్ల గదా అని."

గంగాధరప్ప ఆమెను చెయ్యి పట్టి లేపి, కంచెకు దూరంగా కూర్చోబెట్టాడు. మెయిన్ ఆపి, దిమ్మె తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ తుడిచి, కంబాన్ని మళ్ళీ మాట్లాడించేసరికి పొద్దు బాగా పైకెక్కింది. ఆ మధ్యలోనే ఫోను మోగింది.

"కంబం ఆగిపోయిందని పైలట్ ఒకాయన చెప్పినాడు," అన్నాడు మల్లేశప్ప. "ఏమైంది?"

"దిమ్మె తడిసింది సార్."

"వాన పడిందా?"

గంగాధరప్ప కిటికీలో నుంచి బయటికి చూశాడు. అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. బెంగళూరు నుంచి చూసేవాడికి ఇక్కడ వాన పడిందో లేదో ఎవరు చెప్తారు? కానీ ముల్లు తప్పు చూపించిన సెట్టు ముందు టీ తాగడం మరిచి నిలబడ్డ మనిషి కళ్ళ ముందు మెదిలాడు. కంబం గురించి ఒకసారి అబద్ధం చెప్పడం మొదలుపెడితే దానికి అంతు ఉండదు.

"వాన గాదు సార్. అవ్వ ఒకామె పసుపు నీళ్ళు సల్లింది."

అటు పక్క కుర్చీ జరిపిన చప్పుడు.

"అవ్వ లోపలికి ఎట్లా వచ్చింది?"

"గేటు తీసి నేనే పిలిచినా సార్. నీళ్ళకు."

మర్నాడు ఎండ ముదరకముందే జీపు వచ్చింది. మల్లేశప్ప దిగి, గేటు దగ్గరే ఆగి లోపలికి చూశాడు. బండల మీద గిన్నెలు తోముతున్న చప్పుడు. కంబాన్ని నిలబెట్టిన లాగుడు తీగ మీద ఎవరిదో ఎర్రచీర ఆరేసి ఉంది. గంగాధరప్ప అది చూసి గబగబా పోయి తీసేశాడు కానీ, చూడాల్సినాయన చూసేశాడు.

మల్లేశప్ప ముందు గదిలోకి పోయి మీటర్లన్నీ చూశాడు. తరువాత గుంతల దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"తడి బాగుంది," అన్నాడు. "అది నేను కాదనను. నీళ్ళు ఎట్లా పోస్తే ఏమి, తడి తడే. కానీ ఆ అవ్వ ఇంకొక్క అడుగు ముందుకేసి, ఆ దిమ్మె మీద చెయ్యి పెట్టి ఉంటే?"

రాత్రంతా గంగాధరప్ప తనను తాను అడిగిందీ అదే.

"అది మాత్రం నా తప్పే సార్," అన్నాడు.

"తప్పని నువ్వు ఒప్పుకుంటే పోయే ప్రాణం ఆగుతుందా? వీళ్ళందరినీ ఇప్పుడే బయటికి పంపించు. గేటుకు తాళం వెయ్యి. ఆ కట్టె పట్టుకున్నామెను పనిలో నుంచి తీసెయ్."

హనుమక్క కట్టె నేలకు ఆనించి నిలబడింది. "నేను ముందే మానేసినా సారూ. మల్లా తీసెయ్యల్లంటే మల్లా ఒకసారి పెట్టుకోండి."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మల్లేశప్పకు నవ్వు రాలేదు. "గంగాధరప్పా, నేను చెప్పింది వినపడిందా?"

"వినపడింది సార్. లోపలికి ఎవురూ రాకూడదు. సరే. ఎవురూ రారు."

ఆడవాళ్ళ నవ్వు ఆగిపోయింది. రంగక్క తడిచేతులతోనే లేచి నిలబడింది. "ఏమంటివప్పా?"

"మీరంతా బయటికి పోండి అత్తా. పోయి, ఇండ్లల్లో పారలు, గడ్డపారలు ఎన్నుంటే అన్నీ ఎత్తుకోని రాండి. ముగ్గుపిండి గూడా తెండి, ఒక శాటెడు."

మల్లేశప్ప కనుబొమలు ముడిచాడు. "ఎందుకు?"

"మనుషులు లోపలికి రాకూడదన్నారు, రారు. నీళ్ళు బయటికి పోతాయి సార్. కొళాయి కంచె అవతల పెడతా. బండలూ ఆడే. తోమిన నీళ్ళు కంచె కింద కాలవలో నుంచి గుంతల్లోకి వస్తాయి. దిమ్మె కాడికి ఇంగ ఎవురూ రారు."

"నీళ్ళు కూడా బయటికి పోకూడదు."

"పోతాయి సార్."

ఆ మాట అతను గట్టిగా అనలేదు. అయినా రంగక్క నిలబడ్డ చోటి దాకా వినపడింది. ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, "పదండే, సూస్తాండారేంది!" అని అందరినీ తోలుకుపోయింది.

వాళ్ళు తిరిగి వచ్చేలోపు గంగాధరప్ప మోటరు ఆపి, పైపు రెంచి తెచ్చి, బోరు నుంచి తొట్టికి పోయే పైపు విప్పడం మొదలుపెట్టాడు. అక్కడ ఉన్నది ఆ పైపు ఒక్కటే. ఇంకో పైపు కావాలంటే ఆఫీసు వాళ్ళు పంపాలి, వాళ్ళు పంపరు.

"ఆ పైపు సర్కారుదయ్యా!" అన్నాడు మల్లేశప్ప.

"సర్కారుదే సార్. సర్కారు గుంతలకే పోతాంది. రొవ్వంత సుట్టు తిరిగి పోతాంది, అంతే."

"గేటు తెరిచినందుకే నిన్ను ఇక్కడి నుంచి ఎత్తేయొచ్చు. ఇది కూడా చేస్తే ఉద్యోగమే పోతుంది. ఆలోచించుకో."

"ఆలోచించినా సార్." బిగిసిన మరను ఊడదీయడానికి గంగాధరప్ప రెంచి మీద బరువంతా వేశాడు. "గుంతల్లో తడి తగ్గితే నేను కంబం నడపను. ఆపేస్తా. ఆపేసినానని అందరికీ సెప్తా. గొంతు పోయిన కంబాన్ని బాగుందని సెప్పి నడిపేది నా చేత గాదు. తడి వుండల్లంటే నీళ్ళు పొయ్యల్ల. ఊరంతా గొంతెండి సూస్తాంటే మంచినీళ్ళు మన్నులో పొయ్యడం గూడా నా చేత గాదు. హనుమక్క చేతా గాదు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఆ పనికి ఇంగ ఎవురూ రారు. కావల్లంటే అడిగి సూడండి. మీరే పోస్తానంటే బిందె ఆడుండాది."

మల్లేశప్ప బిందె వైపు చూడలేదు. జీపు నీడలోకి పోయి నిలబడ్డాడు.

ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు కూడా వచ్చారు. శెనక్కాయ చేలలో పని లేక పక్కన పెట్టిన పారలన్నీ వచ్చాయి. గంగాధరప్ప ముగ్గుపిండి చాటలో తీసుకుని, నేల కింద రాగి తీగలు పోయే దారుల వెంట వంగి గీతలు గీశాడు. కంబం దగ్గర మొదలై కంచె దాకా తెల్లటి గీతలు.

"ఈ గీతల మీద పార పడగూడదు. రెండు గీతల నడిమి తవ్వండి. తీగ తెగితే ఈ కష్టమంతా దండగ. ఆ సారు సెప్పిందే నిజమవుతాది."

కంచె బయట నుంచి ఆడవాళ్ళు, లోపల నుంచి గంగాధరప్ప తవ్వడం మొదలుపెట్టారు. నేల రాయి మాదిరి ఉంది. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచాయి. పాటలేమీ లేవు, తిట్లే. రంగక్క వానను తిట్టింది, తహసీల్దారును తిట్టింది, పారకు సరైన కట్టె కామ వేయని మొగుడు చిన్నన్నను తిట్టింది. "నిన్ను తవ్వమంటే నేలను గోకుతాండావేందే, దానికేమన్నా గజ్జా?" అని నరసక్కను తిట్టింది.

కంచెకు దగ్గర పడ్డాక హనుమక్క పార కింద ఏదో తళుక్కుమంది. రాగి. పార వంకర పోయి కంచె కిందికి దూరి గీత దాటింది. అందరూ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. గంగాధరప్ప ముళ్ళతీగ కింద నుంచి చెయ్యి దూర్చి, వేళ్ళతో మన్ను తోసి, తీగ పొడుగునా తడిమి చూశాడు. మల్లేశప్ప కూడా జీపు నీడ వదిలి వచ్చి, మీద నుంచి వంగి చూస్తున్నాడు. ఆ క్షణం మాత్రం ఆయన ఇంజనీరుగానే ఉన్నాడు.

"తెగిందా?" అన్నాడు.

"గీసుకుంది సార్. తెగలే."

"దాని మీద మన్ను మెత్తగా కప్పు. రాయి పెట్టొద్దు."

"సరే సార్."

అలా అన్నందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు, ఆయన గిరుక్కున తిరిగి మళ్ళీ నీడలోకి పోయాడు.

ఎండ వాలుతుండగా పైపు కొస కంచె అవతలికి చేరింది. దాని మూతికి కొళాయి బిగించాడు గంగాధరప్ప. కింద బండలు పరిచారు. బండల వాలు కాలవలోకి, కాలవ కంచె కింద నుంచి లోపలికి, అక్కడ పాయలుగా చీలి ఒక్కో గుంతకు. మోటరు వేశాడు. కొళాయి దగ్గి, గాలి కక్కి, తుప్పునీళ్ళు కక్కి, చివరికి తెల్లగా దూకింది. రంగక్క మొదటి బిందె పట్టి పక్కన పెట్టి, రెండో బిందె తన చీరకొంగు మీది మన్ను కడుక్కోడానికి వాడింది. ఆ ఎర్రటి బురదనీళ్ళు కాలవలో పడి, మెల్లగా, దారి వెతుక్కుంటున్నట్టు పాకుతూ వచ్చి, మొదటి గుంతలోకి జారాయి.

మల్లేశప్ప అక్కడ దాకా చూసి, గేటుకు తానే తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఇంకోటి గేటు లోపల ఉన్న గంగాధరప్ప చేతిలో పెట్టాడు.

"నేను చూసిందంతా రాస్తాను," అన్నాడు.

"రాయండి సార్. అవ్వ నీళ్ళు సల్లింది రాయండి. గేటు తెరిచిందీ, పైపు పీకిందీ నేనేనని రాయండి. గుంతల్లో తడి ఎంతుందో అదీ రాయండి."

"నిన్ను ఎత్తేస్తారు. దూరం వేస్తారు. కొత్తగా వచ్చేవాడు ఆ పైపు మళ్ళీ లోపలికి తిప్పుతాడు."

"తిప్పనీ సార్. తిప్పి, పొద్దుగూకే యాలకు బిందె ఎత్తుకోని వాడొక్కడే గుంతలకు పొయ్యనీ. కంచె బయట వీళ్ళంతా నిలబడుకోని సూస్తాంటారు. నేను ఒక దినం పోసినా. మూడో గుంత కాడికే చేతులాడల్యా. వాడు ఎన్ని దినాలు పోస్తాడో సూద్దాం."

రంగక్క కంచె అవతల నుంచి అందుకుంది. "మా గంగాధరుని యాడికేస్తారో ఎయ్యండి సారూ. కొళాయిని మాత్రం కదిలిచ్చనియ్యం. రేపటి నుంచి దినానికి ఒకరం ఈ బండ మీదే పండుకుంటాం."

మల్లేశప్ప జీపు వైపు నడిచాడు. ఎక్కి కూర్చున్నాడు. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. బానెట్ ఎత్తి ఉంది, పొద్దున వచ్చేటప్పుడు ఆవిరి కక్కిన రేడియేటరు ఎండిపోయి ఉంది. పావగడ చేరాలన్నా ముందు దానికి నీళ్ళు పడాలి.

డ్రైవరు డబ్బా పట్టుకుని కొళాయి దగ్గరికి పోయాడు. సర్కారు జీపు మనిషిని కదా అని నేరుగా ముందుకు పోయి డబ్బా కొళాయి కింద పెట్టబోయాడు. హనుమక్క కట్టె అడ్డం పెట్టింది.

"ఆ బిందెల యెనక నిలబడప్పా. అందరికీ వస్తాయి."

డ్రైవరు వెనక్కి తిరిగి జీపు వైపు చూశాడు. మల్లేశప్ప ముఖం తుడుచుకుని అవతలి వైపుకు తిప్పుకున్నాడు. డ్రైవరు పోయి, తిప్పమ్మవ్వ బిందె వెనకాల డబ్బా పెట్టి నిలబడ్డాడు. లోపల గంగాధరప్ప, చేతులకు అంటిన మన్ను దులుపుకుని, మీటరు చూడడానికి గదిలోకి పోయాడు.